ఆదివారం మూడు గంటల్లో వారానికి సరిపడా క్యారేజీ: దారి చెప్పండి

బ్రాడీపేట బైకు
ఏప్రిల్ 6, రాత్రి 10.20

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌ని, పదమూడేళ్ళ నుంచి ఇదే పని. సోమవారం తెనాలి, మంగళవారం నరసరావుపేట, బుధవారం పిడుగురాళ్ళ దాటి మాచర్ల, గురువారం చిలకలూరిపేట. బైకు మీదే. పొద్దున ఏడున్నరకి బయలుదేరితే ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది. మా ఆవిడ టీచరు. వాళ్ళ స్కూలు బస్సు మా సందు చివరికి ఏడుం పావుకే వచ్చేస్తుంది. కాబట్టి వంట విషయంలో ఆవిణ్ణి అడిగే మొహం నాకు లేదు.

పోయిన నెల రక్తపరీక్ష చేయించుకుంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు లెక్క) 6.1 వచ్చింది. షుగరు ఇంకా లోపలికి రాలేదు గానీ గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. రోజూ షుగరు మందుల గురించి డాక్టర్లకి చెప్పేది నేనే. ఆ కాగితం చూసి మా డాక్టరుగారు "మధ్యాహ్నం ఎక్కడ తింటావ్?" అని ఒక్క మాటే అడిగారు. నిజం చెప్పాలంటే ఒకరోజు రోడ్డు పక్కన పూరీ, ఒకరోజు బిర్యానీ, టార్గెట్ టెన్షన్ ఉన్నరోజు రెండు టీలు, నాలుగు బిస్కెట్లు.

సరే, బాక్సు కట్టుకుందామని మొదలుపెట్టాను. మార్చి ఆఖర్లో ఒకరోజు రాత్రి కుక్కర్లో అన్నం వండి, మూత తీయకుండా అలాగే వదిలేశాను. పొద్దున దాంట్లోనే తాలింపు వేసి, ఉల్లిపాయ, క్యారెట్ తురుము కలిపి, అరచెక్క నిమ్మకాయ పిండి, వేడివేడిగా బాక్సులో నొక్కి, బైకు సైడుబాక్సులో పెట్టాను. నరసరావుపేటలో ఒక క్లినిక్ వరండాలో ఒంటిగంటన్నరకి మూత తీస్తే పక్కన కూర్చున్న పేషెంటు తల తిప్పుకున్నాడు. అన్నం వేలితో ఎత్తితే సన్నగా తీగ సాగింది. ఆ రోజూ పూరీయే.

నా ప్రశ్న ఇదీ. చిన్నప్పుడు మా అమ్మ తిరుపతికి పులిహోర కట్టేది. రెండు రోజులు తిన్నాం, ఏమీ కాలేదు. నాది ఆరు గంటలు కూడా ఎందుకు ఆగలేదు? ఆదివారం నాకు మూడు గంటల టైముంది. కత్తిపీట, మిక్సీ, ఫ్రిజ్ ఉన్నాయి. ఏం చేసి పెట్టుకుంటే వారమంతా గడుస్తుంది? నెలకోసారి విజయవాడ వెళ్ళి పినాకిని రైల్లో చెన్నై మీటింగుకి పోవాలి. దానికీ ఏదన్నా చెప్పండి.

హాస్టల్ పక్షి
ఏప్రిల్ 6, రాత్రి 10.41

అన్నా, రాత్రి ఓట్స్ పాలల్లో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున డబ్బాలో వేసుకుని వెళ్ళడమే. రెండు నిమిషాల పని.

బ్రాడీపేట బైకు
ఏప్రిల్ 6, రాత్రి 10.55

అదీ అయింది తమ్ముడూ. రెండు వారాలు తిన్నాను. మూడో వారం డబ్బా చూస్తే గోడకి వేసే సున్నం గుర్తొచ్చింది. పైగా పాలు బైకు మీద మాచర్ల దాకా వెళ్ళవు.

సత్యనారాయణపురం పిన్ని
ఏప్రిల్ 7, ఉదయం 5.10

నాయనా, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా పెద్దవాడి వయసే ఉంటుంది నీది. నేను విజయవాడ నుంచి గుంటూరు ఆఫీసుకి 26 ఏళ్ళు పాసింజరులో తిరిగాను. కృష్ణా కెనాల్ దగ్గర బండి ఆపేస్తే ఎప్పుడు కదులుతుందో డ్రైవరుకే తెలియదు. అన్నేళ్ళలో నా బాక్సు పాడైంది రెండుసార్లే, ఆ రెండూ కొబ్బరి పచ్చడి పెట్టుకున్న రోజులే.

ముందు మీ అమ్మగారి పులిహోర సంగతి. రెండు రోజులు అన్నది నీ చిన్నతనపు లెక్క. ఒక పగలూ ఒక రాత్రీ అయ్యుంటుంది, అదీ సంక్రాంతి సెలవులకి వెళ్ళుంటారు, చలి రోజులు. ఆవిడ తెల్లవారుజామున పలుకుగా వండి, వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, పసుపూ నూనే వేసి, పూర్తిగా చల్లారాక చిక్కటి చింతపండు గుజ్జు పట్టించి ఉంటుంది. ఉల్లిపాయ వేసి ఉండదు. నువ్వు చేసినదానికి ప్రతీదీ తిరగబడింది. రాత్రంతా కుక్కర్లో మూత కింద నులివెచ్చగా మగ్గిన అన్నం, దాంట్లో నీరూరే ఉల్లిపాయా క్యారెట్టూ, అరచెక్క నిమ్మకాయ. పోపు వేసేముందే అది పోయింది నాయనా, నీకు తెలిసింది నరసరావుపేటలో.

నేను పెట్టుకున్న లెక్క ఒకటే. నీరు లేనివన్నీ ఆదివారం, నీరున్నవన్నీ ఏ రోజువి ఆ రోజు పొద్దున. వారానికంతా ఒక్కరోజే వండి డబ్బాలు పేర్చుకోవడం మన ఎండలకీ మన కరెంటుకీ కుదిరే పని కాదు. సగం పని ఆదివారం చేసుకో, మిగతా సగం పొద్దున ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

పులిహోర గుజ్జుతో మొదలుపెట్టు. పావుకిలో పాత చింతపండు, నల్లబడినదే మంచిది. గింజా పీచూ తీసి, మునిగేటన్ని మరిగే నీళ్ళు పోసి అరగంట వదిలెయ్యి. చేత్తో పిసికి చిక్కగా తియ్యి, నీళ్ళు ఎక్కువ పొయ్యకు, పోస్తే అవి ఇగిరేదాకా నువ్వే నిలబడాలి. అడుగు మందం గిన్నెలో నువ్వుల నూనె కాచి, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు, గుజ్జు, ఉప్పు, చిన్న బెల్లంముక్క వేసి సన్నసెగ మీద ఉడికించు. మొదట బుడబుడమని చిందుతుంది, చెయ్యి జాగ్రత్త. తరవాత చప్పుడు తగ్గి, గరిటె తీసిన చోట దారిపడి, అంచుల్లో నూనె తేలుతుంది. అప్పుడు దింపు. మనవైపు ఆవపిండి వేస్తారు కదా, అది గుజ్జులో వద్దు. నిలవుంటే చేదెక్కుతుంది. కలుపుకునే రోజు అరచెంచా తడిపి వేసుకో. గాజుసీసాలో పోసి, తడి చెంచా తగలకుండా ఫ్రిజ్‌లో పెడితే పదిహేను రోజులు చూసుకోనక్కర్లేదు.

కందిపొడి నీకు తెలిసిందే. గ్లాసు కందిపప్పు, సగం గ్లాసు పెసరపప్పు విడివిడిగా, ఓపిగ్గా, సన్నసెగన. రెండూ కలిపి వేయిస్తే ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా ఉంటుంది. మిర్చి నీ ఊళ్ళోదే, నేను చెప్పక్కర్లేదు. వేడి మీద మాత్రం మిక్సీ వెయ్యకు. ఒక మునగాకు పొడి కూడా చేసుకో. ఆకు కడిగి, నీడలో గుడ్డ మీద రెండు రోజులు ఆరితేగానీ బాండీ ఎక్కించకూడదు.

శనివారం రాత్రి శనగలో ఉలవలో బొబ్బర్లో నానబెట్టు. ఆదివారం ఉడికించి, నీళ్ళు పూర్తిగా వార్చి, చల్లారాక మూడు డబ్బాలు చెయ్యి. ఒకటి కింద ఫ్రిజ్‌లో, రెండు పైన డీప్ ఫ్రీజర్లో. పొద్దున ఒక డబ్బాకి తాలింపు వేస్తే అయిదు నిమిషాల్లో గుగ్గిళ్ళు.

కూరగాయల్లో బీన్సు, క్యారెట్, క్యాబేజీ తరిగి పొడిగుడ్డ వేసిన డబ్బాలో మూడు రోజులు ఉంచుకోవచ్చు. దొండకాయా అంతే. బెండకాయ కడిగి తుడిచి కాయలుగానే ఉంచు. వంకాయ జోలికి వెళ్ళకు, అది తరగగానే నల్లబడుతుంది. ఆదివారం పొద్దున్నే రైతు బజారుకి వెళ్ళు, పది దాటాక అక్కడ మిగిలేవి ముదిరిన బెండకాయలే.

పొద్దున ఆరింటికి లేచావనుకో. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద తరిగిన కూర వేపుడో పప్పుతోనో, పక్కన గుగ్గిళ్ళ తాలింపు. నీ షుగరు సంగతి చూసుకుని అన్నం ఒక్క కప్పే పెట్టుకో. డబ్బాలో సగం కూర ఉండాలి, పావు గుగ్గిళ్ళు, పావు అన్నం. మగవాళ్ళు డబ్బా నిండా అన్నం కుక్కి మూలన ఇంత కూర పెడతారు. మా ఆయనా అంతే.

రైలుకి మినపరొట్టె. మినప్పిండిలో ఇడ్లీరవ్వ కొంచెం తగ్గించి వేసి, మందపాటి బాండీలో సన్నసెగన రెండు వైపులా ఎర్రగా కాల్చు. చల్లారాక ముక్కలు కోసి గుడ్డలో చుట్టుకుంటే మధ్యాహ్నానికీ బాగుంటుంది, కందిపొడి దానికి తోడు. చపాతీలు పాలతో కలిపితే మెత్తగా ఉంటాయని అందరూ చెప్తారు. ఈ ఎండల్లో వద్దు. వేన్నీళ్ళూ చెంచా నూనే చాలు.

పుస్తకాల అత్త
ఏప్రిల్ 7, ఉదయం 9.30

పిన్నిగారు చెప్పినవాటికి కారణాలు కలుపుతాను. నేను హోమ్ సైన్స్ చదివాను, గుంటూరులో పిల్లలకి అదే చెప్తాను.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా స్పోర్లు, అంటే దాని విత్తనాల్లాంటివి, ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం నులివెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి పెరిగి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకే "వాసన వస్తోంది, ఇంకోసారి వేడి చేద్దాం" అనేది పనికిరాదు. ఆహారానికి ప్రమాదమైన వేడి 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. ఆ మధ్యలో రెండు గంటలకి మించి ఉంచకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటుతుంది, బైకు డబ్బాలో ఇంకా ఎక్కువ. చింతపండు పులుపు ఈ బాక్టీరియాని అణిచి ఉంచుతుంది, అమ్మమ్మల పులిహోర రహస్యం అదే. కానీ పులుపు అన్నం అంతటికీ పట్టాలి. అరచెక్క నిమ్మకాయ చాలదు.

మరి పొద్దున ఏడింటికి కట్టిన బాక్సు ఒంటిగంటన్నరకి తినడం ఎలా? మామూలు స్టీలు బాక్సులో వేడన్నం పెట్టి మూత బిగిస్తే అది గంటల తరబడి నులివెచ్చగా ఉంటుంది, అన్నిటికంటే చెడ్డ పద్ధతి అదే. వేడి నిలిపే రెండు గోడల స్టీలు ఫ్లాస్కు డబ్బా కొనండి. మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచి, ఒంపేసి, పొగలు కక్కే అన్నమూ కూరా అంచు దాకా నింపి మూత బిగించండి. సగం నింపితే వేడి నిలవదు. అది కుదరని రోజు పులిహోర, బాగా చల్లార్చి.

పిన్నిగారి మీద ఒక చిన్న ఫిర్యాదు. పొడులూ గుజ్జూ రోజూ వేసుకుంటే ఉప్పు ఎక్కువవుతుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే చెంచాడు. పొడి అన్నంలో వేసుకున్నరోజు ఆవకాయ మానేయండి. ఎవరైనా రాగిజావ చెప్పేలోపే ఇంకో మాట. రాగులు మంచివే, వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. కానీ మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరిగి షుగరుని త్వరగా పెంచుతుంది. జావ తాగితే షుగరు రాదనుకోవద్దు. మీకు గుగ్గిళ్ళే మేలు, పప్పుధాన్యాల్లో ప్రొటీనూ పీచూ రెండూ ఉన్నాయి.

టికెట్ టికెట్
ఏప్రిల్ 7, మధ్యాహ్నం 2.15

నేను ఆర్టీసీ కండక్టర్ని అన్నగారూ, విజయవాడ బస్‌స్టేషన్ నుంచి డ్యూటీ. చదువులు నాకు తెలియవు, క్యారేజీ తెలుసు. మీ డబ్బా సైడుబాక్సులో, సైలెన్సర్ వైపు పెట్టారా? అక్కడ అన్నం రెండోసారి ఉడుకుతుంది. గుడ్డసంచిలో పెట్టి, తడి తుండుగుడ్డ చుట్టి ముందు హ్యాండిల్‌కి తగిలించుకోండి. గాలికి తడి ఆరుతూ చల్లగా ఉంటుంది. ఊరు మారినప్పుడల్లా బాటిల్లో నీళ్ళు దాని మీద చల్లండి. ఇది చల్లార్చిన పులిహోరకి, పెరుగుకి. ఫ్లాస్కు డబ్బాకి అక్కర్లేదు.

కోడిగుడ్డు తినేవాళ్ళయితే పొద్దున ఉడకబెట్టి, పెంకు తీయకుండా తీసుకెళ్ళి మొదటి స్టాపులోనే తినేయండి. మధ్యాహ్నానికి దాచకండి. పెరుగన్నం కలిపి తీసుకెళ్తే పులిసిపోతుంది. అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, చెంచా పెరుగు తోడేసి పట్టుకెళ్ళేవాళ్ళం, పన్నెండుకి కమ్మగా తోడుకునేది. ఆ అక్కగారు చెప్పింది చదివాక ఎండాకాలం అదీ ఆపేద్దామనుకుంటున్నా.

సత్యనారాయణపురం పిన్ని
ఏప్రిల్ 7, సాయంత్రం 6.40

ఉప్పు మాట నిజమే అత్తగారూ, ఒప్పుకుంటున్నా. నాకూ బీపీ వచ్చింది, ఆ పొడుల పుణ్యమే అయ్యుండొచ్చు. ఇప్పుడు పొడుల్లో ఉప్పు సగమే వేస్తున్నాను. మా ఆయన గొణుగుతారు.

బ్రాడీపేట బైకు
ఏప్రిల్ 28, రాత్రి 9.50

మూడు ఆదివారాలు అయ్యాయి. రిపోర్టు రాయకపోతే బావుండదు.

మొదటి ఆదివారం గుజ్జు మాడింది. పిన్నిగారూ, మీరు చప్పుడు తగ్గుతుందన్నారు. ఆ చప్పుడు తగ్గిన టైములోనే మా ఏరియా మేనేజరు ఫోన్ చేశాడు. ఆదివారం కూడా. మాట్లాడి వచ్చేసరికి అడుగంటింది. పైపైన తీసి వాడుకున్నాను, కొంచెం పొగవాసన వచ్చినా పర్వాలేదు. కందిపొడి చల్లారేదాకా ఆగలేక గోరువెచ్చగా ఉన్నప్పుడే మిక్సీ వేసి సీసాలో పోసి మూత పెట్టాను. సాయంత్రానికి సీసా లోపల చెమటపట్టింది, వారానికి ఉండలు కట్టి ముక్కిన వాసన. పారేశాను. రెండో ఆదివారం పళ్ళెంలో ఆరబోసి బయటికెళ్ళి టీ తాగి వచ్చి పట్టాను. అది ఇంకా బాగుంది.

ఫ్లాస్కు డబ్బా కొన్నాను. మొదటి రోజు మరిగే నీళ్ళు పోయడం మర్చిపోయాను, పిడుగురాళ్ళలో తీస్తే గోరువెచ్చగా ఉంది. అత్తగారి మాట గుర్తొచ్చి తినలేదు, కుక్కలకి కూడా పెట్టలేదు. మర్నాడు చెప్పినట్టే చేశాను. చిలకలూరిపేటలో ఒంటిగంటకి మూత తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. దొండకాయ వేపుడు మాత్రం ఆ ఆవిరికి మెత్తబడిపోయింది. వేపుళ్ళు విడిగా వేరే గిన్నెలో పెట్టుకోవాలని అర్థమైంది. ఇప్పుడు ఫ్లాస్కులో అన్నం, పప్పుకూర. చిన్న డబ్బాలో గుగ్గిళ్ళు, అవి పదకొండుకల్లా తినేస్తున్నాను, టీ టైముకి బదులు.

మాచర్ల రోజు పులిహోర. కండక్టరు తమ్ముడూ, నీ తడిగుడ్డ ఉపాయం పనిచేసింది గానీ నా ప్యాంటు మోకాలి దాకా తడిసింది. ఒక డాక్టరుగారు "వానలో వచ్చావా?" అన్నారు, బయట 41 డిగ్రీల ఎండలో.

పినాకినికి మినపరొట్టె కాల్చాను. నాలుగు ముక్కలు, కందిపొడి, రెండు కీరదోసకాయలు, రెండు జామకాయలు. ఒంగోలు దాటాక విప్పితే ఎదురు సీటు పెద్దాయన రొట్టె వంక చూస్తున్నారు. ఒక ముక్క ఇచ్చాను. తిని "అడుగు ఇంకొంచెం ఎర్రబడాలి" అన్నారు. తిరుగు ప్రయాణానికి ఏమీ మిగల్లేదు. స్టేషన్లో వేడి ఇడ్లీ కొనుక్కుని, దాని కొబ్బరి చట్నీ వదిలేసి, మిగిలిన పొడితో తిన్నాను.

వారానికి రెండు రోజులు ఇంకా బయటే తింటున్నాను, అబద్ధం చెప్పను. టెస్టు జూన్ ఆఖర్లో. ఇంకో సంగతి, ఈ మధ్య మా ఆవిడ నా గుజ్జు సీసాలోంచి తీసి స్టాఫ్ రూముకి పులిహోర పట్టుకెళ్తోంది. వాళ్ళ హెడ్మాస్టరుగారికి ఉప్పు తక్కువైందట. పిన్నిగారూ, పావుకిలో చింతపండుకి ఉప్పెంత?

సత్యనారాయణపురం పిన్ని
ఏప్రిల్ 29, ఉదయం 5.05

గుజ్జులో సగమే వెయ్యి నాయనా, మూడు పెద్ద చెంచాలు. మిగతాది అన్నం కలిపేటప్పుడు చేత్తో రుచి చూసుకుని. హెడ్మాస్టరుగారికి ఉప్పు తక్కువైతే అలాగే ఉంచమను, ఆయన వయసుకి అదే మంచిది. ఆ రొట్టెకి బాండీ మార్చు, మీదేదో పల్చటి బాండీ అయ్యుంటుంది.